సైన్సు ఉత్తరాలు: బరువైన ఎలక్ట్రాన్‌ను ఎవరు తూచారు?

గత సంచికలో ఇదే పేజీలో ఒక రంగుల బొమ్మ వేశాం. సీరియం, కోబాల్ట్, ఇండియం కలిసిన ఒక స్ఫటికం ఉపరితలం అది. వరసగా పేర్చినట్టు చుక్కలు, ఒకచోట మాత్రం చుక్క చెదిరి దాని చుట్టూ వలయాలు. బొమ్మ కింద నేను రాసింది రెండే వాక్యాలు: ఈ స్ఫటికంలో ఎలక్ట్రాన్లు మామూలుకన్నా ఎంతో బరువైనవాటిలా ప్రవర్తిస్తాయనీ, ఆ బరువును ఇప్పుడు పరమాణువుల స్థాయిలో చూస్తున్నారనీ. ఆ రెండు వాక్యాలకే ఇన్ని ఉత్తరాలు వచ్చాయి. అందుకే ఈసారి పేజీ మొత్తం వాటికే. గ్రహణం రోజున అన్నం వండొచ్చా అని అడిగినవాళ్లు వచ్చే నెలదాకా ఓపిక పట్టండి. (ఈలోగా నిక్షేపంగా వండుకోండి.)

ప్రశ్న: మేడమ్, ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి 9.1 × 10⁻³¹ కిలోగ్రాములనీ, అది స్థిరాంకమనీ మా పుస్తకంలో ఉంది. పరీక్షలో అదే రాసి మార్కులు తెచ్చుకున్నాను. మీరేమో బరువెక్కుతుందంటున్నారు. ఏది నమ్మాలి?
— డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని, తెనాలి

మార్కులు వెనక్కి ఇవ్వక్కర్లేదమ్మా, నువ్వు రాసింది ఒప్పే. ఖాళీలో ఒంటరిగా ఉన్న ఎలక్ట్రాన్‌కు ఆ అంకె ఎన్నటికీ మారదు. స్ఫటికంలో మాత్రం అది ఒంటరిగా ఉండదు. చుట్టూ కోటానుకోట్ల ఎలక్ట్రాన్లు, అయాన్లు. అక్కడ దాన్ని తోస్తే ఎంత మొండికేస్తుందో, ఆ మొండితనాన్నే మేం ద్రవ్యరాశి అని లెక్కగడతాం. రాగిలో ఆ లెక్క నీ పుస్తకంలోని అంకెకు దగ్గర్లోనే తేలుతుంది. సీరియం, యురేనియం, ఇటర్బియం ఉన్న కొన్ని స్ఫటికాల్లో మాత్రం అది వందల రెట్లు పెరుగుతుంది, ఒక్కోచోట వెయ్యి రెట్లు కూడా.

దీనికి కారణం ఎఫ్ ఎలక్ట్రాన్. సీరియం మూడు ఎలక్ట్రాన్లను వదులుకున్నాక దాని 4ఎఫ్ కక్ష్యలో ఒక్కటే మిగులుతుంది. అది కేంద్రకానికి దగ్గరగా, తన గూట్లో తాను ఉండే రకం. దానికో స్పిన్ ఉంటుంది, అంటే అదో చిన్న అయస్కాంతం. గది వేడిమిలో స్ఫటికమంతా తిరిగే వాహక ఎలక్ట్రాన్లు దీన్ని పెద్దగా పట్టించుకోవు. ఎదురైతే ఢీకొని పక్కకు పోతాయి, అంతే. చల్లబరుస్తున్నకొద్దీ వ్యవహారం మారుతుంది. తిరిగే ఎలక్ట్రాన్లు ఈ చిన్న అయస్కాంతాన్ని చుట్టుముట్టి, దాని స్పిన్‌కు వ్యతిరేకంగా తిరిగి, పైకి అయస్కాంతమే లేనట్టు కప్పేస్తాయి. దీన్ని కోండో ప్రభావం అంటారు. బంగారాన్ని బాగా చల్లబరిస్తే నిరోధం తగ్గుతూ తగ్గుతూ ఒకచోట ఆగి మళ్లీ పెరగడం 1934లోనే లైడెన్‌లో కొందరు గమనించారు. అందులో పిసరంత కలిసిన ఇనుము లాంటి అయస్కాంత మాలిన్యమే దానికి కారణమని 1964లో జపాన్ శాస్త్రవేత్త జున్ కోండో లెక్క కట్టి చూపించాడు.

అది బంగారంలో ఎక్కడో ఒక మాలిన్యం సంగతి. మన స్ఫటికంలోనైతే ప్రతి గడిలోనూ ఒక సీరియం ఉంది. అప్పుడు ఎఫ్ ఎలక్ట్రాన్లు కూడా ఒక గూటి నుంచి ఇంకో గూటికి నెమ్మదిగా జరగడం మొదలుపెడతాయి. తిరిగే ఎలక్ట్రాన్ అందులోకి దూరి, కాసేపు ఉండి, బయటపడి, పక్క గూట్లో మళ్లీ దూరుతుంది. ఇలా సాగే ప్రయాణంలో వేగం ఏం మిగులుతుంది? ఆ జాప్యమే బరువు.

దీన్ని మొదట పట్టిచ్చింది వేడి లెక్క. అతి చల్లని లోహం వేడిని ఎంత పుచ్చుకుంటుందో కొలిస్తే, అందులో ఎలక్ట్రాన్ల వాటాను చూపే ఒక గుణకం వస్తుంది. ఎలక్ట్రాన్ బరువు ఎంత పెరిగితే ఆ గుణకమూ అంత పెరుగుతుంది. రాగికి అది దాదాపు 0.7 ఉంటుంది. 1975లో అమెరికా బెల్ ల్యాబ్స్‌లో ఆండ్రెస్, గ్రేబ్నర్, ఆట్ అనే ముగ్గురు సీరియం, అల్యూమినియం కలిసిన స్ఫటికానికి అదే గుణకం కొలిస్తే, అవే యూనిట్లలో 1620 వచ్చింది. రెండు వేల రెట్లకు పైమాటే.

ఆ తర్వాత 1979లో జర్మనీలో ఫ్రాంక్ స్టెగ్లిష్ బృందం సీరియం-రాగి-సిలికాన్ స్ఫటికం పరమశూన్యానికి అర డిగ్రీ పైన అతివాహకంగా, అంటే కరెంటుకు నిరోధమే లేనిదిగా, మారుతోందని చెప్పింది. అప్పటిదాకా అయస్కాంత పరమాణువులంటే అతివాహకత్వానికి విషం అనుకునేవాళ్లు. ఇక్కడేమో సీరియం తీసేసి దాని స్థానంలో అయస్కాంత గుణం లేని లాంథనం పెడితే అతివాహకత్వమే పోయింది! ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం ఇదే. ఇందులో ఏ సూక్ష్మదర్శినీ లేదు.

ప్రశ్న: నాకు ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు ఉంది. రోజూ రంగులతోనే పని కాబట్టి అడుగుతున్నాను. ఆ బొమ్మలో నీలం, నారింజ మరీ పద్ధతిగా ఉన్నాయి. అవి నిజం రంగులేనా, ఎవరైనా కూర్చుని వేశారా?
— ఒక పాఠకుడు, భీమవరం

మీ కన్ను మంచిదండీ. అవి వేసిన రంగులే. మనకు కనిపించే కాంతి తరంగం పొడవు 400 నుంచి 700 నానోమీటర్లు. ఆ స్ఫటికంలో పక్కపక్క సీరియం పరమాణువుల మధ్య దూరం 0.46 నానోమీటరు. అంత చిన్నదానికి రంగు అనే మాటే వర్తించదు. యంత్రం ఇచ్చేది అంకెల పట్టిక. ఫలానా అంకె దాటితే నారింజ, తగ్గితే నీలం అని కంప్యూటర్‌కు చెప్పేది మనుషులే. అందుకే ఒకే కొలత ఒక పత్రికలో నీలంగా, ఇంకో పత్రికలో గోధుమరంగులో కనిపిస్తుంది.

ఆ అంకెలు మాత్రం ఎవరో కూర్చుని వేసినవి కావు. వాటినిచ్చే యంత్రం పేరు స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్. పిలుచుకోవడానికి ఎస్‌టీఎం. జ్యూరిక్ దగ్గర ఐబీఎం ల్యాబులో గెర్డ్ బినిగ్, హైన్రిష్ రోరర్ 1981లో దాన్ని పనిచేయించారు. 1986లో నోబెల్ వచ్చింది. పేరులో మైక్రోస్కోప్ ఉందిగానీ అందులో కటకాల్లేవు. ఉన్నదల్లా ఒక లోహపు సూది. దాని మొనను స్ఫటికానికి ఒక నానోమీటరు కన్నా దగ్గరగా తీసుకెళ్తారు, తాకించరు. మధ్యలో ఖాళీయే ఉన్నా ఎలక్ట్రాన్లు అటునుంచి ఇటు దాటుతాయి. క్వాంటమ్ సిద్ధాంతం వాటికి ఇచ్చిన వెసులుబాటు అది. అలా దాటే కరెంటు నానోఆంపియరు, ఒక్కోసారి అంతకన్నా బాగా తక్కువ. సూది 0.1 నానోమీటరు వెనక్కి జరిగితే చాలు, కరెంటు సుమారు పదో వంతుకు పడిపోతుంది. యంత్రం ప్రాణమంతా ఈ ఒక్క గుణంలో ఉంది.

సూదిని అటూ ఇటూ నడిపేది వోల్టేజి ఇస్తే పిసరంత సాగే పియెజో పింగాణీ. కరెంటు మారకుండా సూదిని పైకీ కిందికీ సర్దుకుంటూ ఉపరితలమంతా నడిపిస్తే ఎత్తుపల్లాల పటం వస్తుంది. మన బొమ్మలోని చుక్కలు అవే. ఇంకో పద్ధతి ఉంది. ఒక్కో చుక్క దగ్గర సూదిని ఆపి, వోల్టేజి మార్చుకుంటూ పోయి, కరెంటు ఎంత చురుగ్గా మారుతోందో వక్రరేఖగా గీసి చూడటం. ఫలానా శక్తి ఉన్న ఎలక్ట్రాన్‌కు ఆ చోట ఎంత చోటుందో దీనివల్ల తెలుస్తుంది. బరువు కథంతా నడిచేది ఈ రెండో పటంలోనే.

నేను బెంగుళూరులో పీహెచ్‌డీ చేసేటప్పుడు నా చేతికి వచ్చింది గ్రాఫైటే, భార ఎలక్ట్రాన్ల స్ఫటికం కాదు. గ్రాఫైట్‌తో హాయి. సెల్లోటేపు అంటించి లాగితే పై పొర లేచొస్తుంది, కింద అద్దంలాంటి తలం. సీరియం, యురేనియం స్ఫటికాలు అలా లొంగవు. ఆవగింజంత స్ఫటికాన్ని ఒక పలక మీద జిగురుతో బిగించి, దాని నెత్తిన చిన్న లోహపు కడ్డీ అంటిస్తారు. మొత్తాన్నీ గాలి తీసేసిన గదిలోకి పంపి, బాగా చల్లబరిచాక ఆ కడ్డీని పక్కనుంచి ఒక్క దెబ్బ కొడతారు. కడ్డీతోపాటు స్ఫటికం పైభాగం విరిగి పడిపోతుంది. మిగిలినది గాలి ఎరగని తాజా తలం. అది నునుపుగా విరిగితే అదృష్టం, గరుకుగా విరిగితే మళ్లీ మొదటికి. పైగా విరిగిన తలం మీద ఏ పొర పైకి వస్తుందో మన చేతిలో లేదు. యురేనియం-రుథేనియం-సిలికాన్ స్ఫటికంలోనైతే యురేనియం పొర వస్తే ఒక రకం వక్రరేఖ, సిలికాన్ పొర వస్తే ఇంకో రకం. స్ఫటికం మాత్రం అదే.

సూది గురించి కూడా ఒక మాట. టంగ్‌స్టన్ తీగను కాస్టిక్ సోడా ద్రావణంలో ముంచి కరెంటు పెడితే ద్రావణం అంచు దగ్గర తీగ సన్నబడుతూ వచ్చి, కింది ముక్క తన బరువుకు తానే తెగిపడుతుంది. ఆ క్షణంలో కరెంటు ఆపేయాలి. ఆలస్యమైతే మొన మొద్దుబారుతుంది. మా ల్యాబులో రోజంతా బొమ్మల మీద అడ్డంగా సన్నని చారలు పడేవి. సెకనుకు యాభై. ఏదో కొత్త అల అనుకుని సంబరపడిన జూనియర్ ఒకడికి గోడలోని కరెంటు ప్లగ్గు చూపించాం. మన ఇళ్లకొచ్చే కరెంటు యాభై హెర్ట్‌జే కదా!

ప్రశ్న: బొమ్మలో చెదిరిన చుక్క చుట్టూ ఉన్న వలయాలు ఏమిటి? వాటిలో బరువు ఎక్కడ కనిపిస్తోంది? నాకు వలయాలే కనిపిస్తున్నాయి.
— గణితం ఉపాధ్యాయుడు, నల్గొండ

మీకే కాదు మాస్టారూ, ఎవరికీ బరువు కనిపించదు. కనిపించేవి వలయాలే, బరువు లెక్కలో తేలుతుంది. లెక్క మీకు ఇష్టమైన పని కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

చెరువులో ఒక గుంజ పాతి ఉందనుకోండి. వచ్చే అల దానికి తగిలి వెనక్కి మళ్లుతుంది. వచ్చేదీ మళ్లేదీ కలిసి గుంజ చుట్టూ నిలిచిన వలయాలు కడతాయి. ఎలక్ట్రాన్ కూడా అలే. స్ఫటికంలో ఒక పరమాణువు లోపించినా, దాని స్థానంలో వేరే పరమాణువు కూర్చున్నా అదే గుంజ. ఎస్‌టీఎం రెండో పటంలో పడేవి ఆ నిలిచిన అలలే. వలయాల మధ్య దూరం కొలిస్తే ఎలక్ట్రాన్ అల పొడవు తెలుస్తుంది.

ఒక్క పటంతో బరువు తెలియదు. వోల్టేజి కొంచెం మార్చి, అంటే ఇంకో శక్తి ఉన్న ఎలక్ట్రాన్లను ఎంచుకుని, అదే చోట మళ్లీ పటం తీయాలి. మళ్లీ కొంచెం మార్చి ఇంకోటి. మామూలు తేలిక ఎలక్ట్రాన్ అయితే శక్తిని ఒకట్రెండు మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టులు కదిపినా వలయాల మధ్య దూరం మారినట్టే ఉండదు. బరువైనదైతే ఆ కాస్తకే దూరం గబుక్కున మారిపోతుంది. శక్తి = తరంగసంఖ్య (అల పొడవుకు విలోమం) వర్గం భాగించు రెండు ఎం (ఎం అంటే ద్రవ్యరాశి), స్థిరాంకాలు వదిలేయండి. హారంలో ఎం పెద్దదైతే అదే శక్తి తేడాకు తరంగసంఖ్య ఎంత ఎక్కువ మారాలో మీ పిల్లలతో గ్రాఫు గీయించండి. రేఖ దాదాపు బల్లపరుపుగా వస్తుంది. ఆ చదునే మేం వెతికే బరువు.

చెప్పడానికి నాలుగు మాటలే. చేయడానికి సూది ఒకే చోట, పరమాణువులో చిన్న భాగం కూడా పక్కకు జరక్కుండా, రోజుల తరబడి నిలబడాలి. యురేనియం-రుథేనియం-సిలికాన్ స్ఫటికం మీద 2010లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన సీమస్ డేవిస్ బృందం ఈ పని చేసి చూపించింది. శక్తికీ తరంగసంఖ్యకీ మధ్య గీసిన ఆ రేఖనే మేం పట్టీ అంటాం. 17.5 కెల్విన్‌లకు (కెల్విన్ అంటే పరమశూన్యం నుంచి లెక్కపెట్టే డిగ్రీ) పైన ఒకే తేలిక పట్టీగా కనిపించినది, దాని కిందికి రాగానే చకచకా రెండు బరువైన పట్టీలుగా చీలిపోయింది. అదే ఏడాది ప్రిన్స్‌టన్‌లో అలీ యజ్దానీ బృందం అదే స్ఫటికాన్ని పరిశీలించి తమ పటాలు ప్రచురించింది. రెండేళ్ల తర్వాత, సీరియం-కోబాల్ట్-ఇండియం స్ఫటికంలో చల్లబడుతున్నకొద్దీ బరువు ఎలా పుట్టుకొస్తుందో కూడా ప్రిన్స్‌టన్ బృందం చూపింది.

ఇంకో చిక్కు ఉంది, పుస్తకాల్లో తరచూ దాటేస్తారు. సూది నుంచి దిగే ఎలక్ట్రాన్‌కు దారులు రెండు: తిరిగే ఎలక్ట్రాన్ల గుంపులోకి, లేదా నేరుగా ఎఫ్ గూట్లోకి. రెండు దారుల అలలూ ఒకదానితో ఒకటి కలబడతాయి. అందుకే వచ్చే వక్రరేఖ శిఖరంలా నిటారుగా ఉండక ఒకవైపు లేచి మరోవైపు కుంగి, వంకరగా ఉంటుంది. దీనికి ఫానో ఆకారం అని పేరు. ఆ వంకర చూసి శక్తి అంతరం (ఎలక్ట్రాన్లకు చోటే లేని శక్తుల మేర) ఇంత అని తొందరపడి చెప్పేస్తే తప్పవుతుంది. ముందు ఏ దారిలో ఎంత వచ్చిందో విడదీయాలి.

ప్రశ్న: ఇదంతా ఎందుకంత చల్లదనంలో చేయాలి? లిక్విడ్ నైట్రోజన్ సరిపోదా?
— రిటైర్డ్ లోకో పైలట్, కాజీపేట

సరిపోదండీ. వేడిమి సూదిలోని ఎలక్ట్రాన్ల శక్తిని అలికేస్తుంది. ఎస్‌టీఎం విడదీయగల శక్తి తేడా సుమారుగా, గది వేడిమిలో 90 మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టులు. హీలియం మరిగే 4.2 కెల్విన్‌ల దగ్గర 1.3. 0.3 కెల్విన్ దగ్గర 0.09. సీరియం-కోబాల్ట్-ఇండియం 2.3 కెల్విన్‌ల దగ్గర అతివాహకం అవుతుంది. దాని అతివాహక అంతరం అర మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టు చుట్టుపక్కల ఉంటుంది. కాబట్టి 4.2 దగ్గర కూర్చుంటే అది ఉందో లేదో కూడా తెలియదు. నైట్రోజన్ 77 దగ్గరే ఆగిపోతుంది. అందుకే హీలియం-3 అనే తేలిక ఐసోటోపుతో పావు కెల్విన్ దాకా దిగి, 2013లో డేవిస్, యజ్దానీ బృందాలు రెండూ విడివిడిగా ఆ అంతరాన్ని పటం కట్టాయి. అది అన్ని దిక్కుల్లోనూ ఒకేలా లేదు, కొన్ని దిక్కుల్లో సున్నా అవుతుంది. రాగి ఆక్సైడ్ అతివాహకాల్లో కనిపించే తీరే ఇది.

ప్రశ్న: యురేనియం-రుథేనియం-సిలికాన్‌లో ‘దాగిన క్రమం’ అని ఒకటుందనీ, ఎస్‌టీఎం దాన్ని బయటపెట్టిందనీ ఒక వీడియోలో విన్నాను. బయటపెట్టిందా?
— పరిశోధక విద్యార్థి, హైదరాబాద్

పెట్టలేదు. వీడియోవాళ్లకు తొందరెక్కువ.

1985 ప్రాంతంలో ఈ స్ఫటికాన్ని చల్లబరిచినవాళ్లకు 17.5 కెల్విన్‌ల దగ్గర విశిష్టోష్ణం (వేడిని పుచ్చుకునే గుణం) ఒక్కసారిగా ఎగిసి పడటం కనిపించింది. లోపల ఏదో ఒక క్రమం ఏర్పడిందనడానికి అది తిరుగులేని గుర్తు. నీరు గడ్డకడితే పరమాణువులు వరసకొచ్చాయంటాం, ఇనుము అయస్కాంతమైతే స్పిన్‌లు వరసకొచ్చాయంటాం. ఇక్కడ వరసకొచ్చినదేమిటి? న్యూట్రాన్లతో వెతికితే అయస్కాంతత్వం కనిపించింది గానీ, ఒక్కో యురేనియానికి సుమారు 0.03 బోర్ మాగ్నెటాన్ (పరమాణువుల అయస్కాంత బలానికి కొలమానం) మాత్రమే. అంత పెద్ద వేడి మార్పుకు ఆ కాస్త అయస్కాంతత్వం జవాబు కాదు. నలభై ఏళ్లుగా సిద్ధాంతాల మీద సిద్ధాంతాలు వస్తున్నాయి, అందరూ ఒప్పుకున్నది ఒక్కటీ లేదు. అదే స్ఫటికం 1.5 కెల్విన్‌ల దగ్గర అతివాహకం కూడా అవుతుంది, అదింకో కథ.

ఎస్‌టీఎం చెప్పినది ఇంత: ఆ ఉష్ణోగ్రత దగ్గర ఎలక్ట్రాన్ల పట్టీలు మారుతున్నాయి, ఒక అంతరం తెరుచుకుంటోంది, ఎఫ్ ఎలక్ట్రాన్లకు అందులో చేయి ఉంది. దీనితో కొన్ని సిద్ధాంతాలకు బలం వచ్చింది, కొన్నిటి పని కష్టమైంది. కానీ క్రమం పేరు చెప్పమంటే ఆ పటాల్లో లేదు. నా అభిప్రాయం అడిగితే, లేదని తెలియడం కూడా తక్కువేం కాదు. స్పిన్‌లు మామూలు వరసలో నిలబడి ఉంటే, ఇన్ని పరికరాలతో వెతికిన ఇన్నేళ్లలో ఎప్పుడో దొరికేది. నువ్వు ఈ అంశం మీద థీసిస్ రాద్దామనుకుంటే మాత్రం, ముందు మీ గైడుకు ఎంత ఓపికుందో కనుక్కో.

ప్రశ్న: మా ఊరు సముద్రం ఒడ్డున. ఇక్కడి ఇసకలో మోనజైట్ ఉందనీ, అందులో సీరియం ఉందనీ అంటారు. మీరు రాసిన సీరియం అదేనా?
— చేపల వ్యాపారి, భీమునిపట్నం

అదే మూలకం. మోనజైట్ అరుదైన మృత్తికల ఫాస్ఫేట్. దానిలోని అరుదైన మృత్తికల్లో దాదాపు సగం సీరియమే. దానితోపాటు థోరియమూ ఉంటుంది. దేశంలో మోనజైట్ నిల్వల్లో అతి పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌దే, అందులో మీ భీమిలి ఒడ్డూ ఉంది. థోరియం ఉండటంవల్లే అది అణుశక్తి చట్టం కిందకు వస్తుంది. ఎవరుపడితే వాళ్లు తవ్వి అమ్ముకోవడానికి లేదు. సీరియం చేత్తో పట్టుకోవాలనుంటే సిగరెట్ లైటర్‌లో నిప్పురవ్వ రాల్చే చిన్న రాయిని తీసి చూడండి. ఇనుముతో కలిపిన సీరియం మిశ్రమం అది.

స్ఫటికాలు పెంచే ల్యాబులు బాగా శుద్ధిచేసిన సీరియం లోహం కొంటాయి, ఇసక తెచ్చుకోరు. అయితే మీ ఇసకలోని రెండో సరుక్కి కూడా ఈ కథలో వేషం ఉంది. యురేనియం-రుథేనియం-సిలికాన్‌లో నూటికి ఒక యురేనియం తీసి థోరియం పెట్టారు. థోరియానికి 5ఎఫ్ ఎలక్ట్రాన్ లేదు. అంటే గూళ్ల వరసలో ఒక గూడు ఖాళీ. ఆ ఖాళీ తన చోటుతో సరిపెట్టుకోక, చుట్టూ కొన్ని నానోమీటర్ల మేర ఎలక్ట్రాన్ల అల్లికను కలవరపెడుతుందని 2011లో డేవిస్ బృందం పటం కట్టింది. నేను నల్గొండ మాస్టారికి చెప్పిన గుంజ కూడా ఇదే. మాలిన్యం కావాలని కలపకపోతే వలయాలూ లేవు, లెక్కా లేదు.

ప్రశ్న: దీనివల్ల సామాన్యుడికి ఉపయోగం?
— పేరు, ఊరు రాయలేదు

ఇవాళ్టికి ఏమీ లేదు. పావు కెల్విన్‌లో పనిచేసే వస్తువు మీ ఇంట్లోకి రాదు. అతివాహకత్వం స్ఫటికంలోని పరమాణువుల కంపనాలవల్లే కాదు, అయస్కాంత తగాదాలవల్ల కూడా పుట్టగలదని మనకు గట్టిగా అనుమానం కలిగించిన మొదటి పదార్థాలు ఇవి. ఆ దారిలోనే ఎక్కువ ఉష్ణోగ్రత అతివాహకాలను అర్థం చేసుకునే ప్రయత్నం నడుస్తోంది. అది మీకు ఉపయోగం కాదనిపిస్తే సరే, నేను వాదించను.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో అర్బానా-షాంపేన్‌లో ఎంఎస్ చేస్తోంది. మీరు చెప్పిన యంత్రం అక్కడ ఉందనీ, నడిపేది మన దేశపు ఆవిడేననీ అంటోంది. నిజమేనా? ఇక్కడే ఉండి ఇలాంటివి చదవలేమా?
— ఒక తల్లి, గుంటూరు

నిజమేనమ్మా. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఆ బృందం నడిపేది విద్యా మాధవన్. మద్రాసు ఐఐటీలో, ఢిల్లీ ఐఐటీలో చదివి బోస్టన్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీకి వెళ్లారు. 1998లో, ఇంకా విద్యార్థిగా ఉండగానే, బంగారం మీద ఒంటరిగా కూర్చున్న కోబాల్ట్ పరమాణువు దగ్గర కోండో ప్రభావాన్ని ఎస్‌టీఎంతో పట్టిన పరిశోధనాపత్రంలో మొదటి పేరు ఆమెదే. సూదిని కోబాల్ట్ మీద పెడితే వక్రరేఖలో ఒక గుంట పడింది. ఒక నానోమీటరు పక్కకు జరిపితే గుంట మాయం. అరవై ఏళ్లకు పైగా తీగ మొత్తం నిరోధంలో చూసిన సంగతి ఒక్క పరమాణువు దగ్గర కనిపించింది. అదే ఏడాది మరో బృందం వెండి మీద సీరియంతో ఇలాంటిదే చూసింది.

ఆమె బృందం ఇటీవల ఎక్కువగా పనిచేసినది యురేనియం-టెల్యురియం స్ఫటికం మీద. దాని అతివాహకత్వం 2019లో బయటపడింది, 1.6 కెల్విన్‌ల దగ్గర. ఆస్పత్రి ఎంఆర్ఐలో క్షేత్రం సాధారణంగా 1.5 లేదా 3 టెస్లాలు. ఈ స్ఫటికం కొన్ని దిక్కుల్లో 40 టెస్లాలు దాటిన క్షేత్రంలో కూడా అతివాహకంగా ఉంటుంది. మామూలు అతివాహకమైతే అంతకు ఎంతో ముందే చేతులెత్తేస్తుంది. 2020లో ఆమె బృందం ఈ స్ఫటికంలోని మెట్ల అంచుల దగ్గర, మెట్టు ఏ వైపు తిరిగి ఉందన్నదాన్నిబట్టి వక్రరేఖ ఒరిగే దిక్కు మారడం చూసింది. అతివాహకత్వానికి ఎడమా కుడీ తేడా ఉండవచ్చని దాని అర్థం. 2023లో ఎలక్ట్రాన్ల సాంద్రత అలలు కూడా చూశారు. ఇక్కడే తగాదా మొదలైంది. మరికొందరు ఎక్స్-కిరణాలతో స్ఫటికం లోతుల్లోకి వెతికితే ఆ అలలు కనబడలేదు. సూదికి కనిపించేది పైపొర, ఎక్స్-కిరణాలు చూసేది లోపల. పైన ఉన్నది లోపల లేకపోవచ్చు. రెండు కొలతలూ ఒప్పే అయి ఉండొచ్చు కూడా. మీ అమ్మాయి అక్కడే ఉంది కాబట్టి ఈ ముచ్చట నాకన్నా తాజాగా వింటుంది.

ఇక్కడే చదవొచ్చా అంటే, తప్పకుండా. ముంబయిలో టాటా మౌలిక పరిశోధన సంస్థలో భార ఎలక్ట్రాన్ల స్ఫటికాలను దశాబ్దాలుగా పెంచుతున్నారు, అక్కడే 0.35 కెల్విన్ దాకా దిగే ఎస్‌టీఎం కట్టుకున్నారు. ఎంఎస్సీ ఫిజిక్స్ తర్వాత జాతీయ స్థాయి పరీక్ష రాసి, ఇంటర్వ్యూ దాటి వెళ్లొచ్చు. ఫీజు కట్టేది లేదు, వాళ్లే ఫెలోషిప్ ఇస్తారు.

ఇక మీ అమ్మాయికి అర్బానాలో ఆ ల్యాబు చూసే అవకాశం దొరికితే, కొలత నడుస్తున్న వారంలో వెళ్లొద్దనండి. గట్టిగా నడిచినా ముఖం చిట్లిస్తారు. సూది మార్చే రోజో, స్ఫటికం మార్చే రోజో కనుక్కుని వెళ్తే యంత్రం విప్పి ఉంటుంది, అడిగినదానికి జవాబు చెప్పే తీరికా ఉంటుంది.